గులాబీ కొనేముందు ఆకు చూడండి

కడియం, కడియపులంక, వేమగిరి నర్సరీల్లో గులాబీ మొక్కను పూవు చూసి కొంటారు. నల్ల పాలిథిన్ కవరు, అందులో ఎర్రమట్టి ముద్ద, జానెడు కొమ్మ, దాని చివర విచ్చిన పూవొకటి, విచ్చబోయే మొగ్గలు రెండు. బేరం అక్కడే తెగిపోతుంది. ఆ మొక్క గోదావరి దాటి నిడదవోలు వచ్చి, ఏ పెరట్లోనో మేడ మీదనో కుదురుకుని, సంక్రాంతికి పూసి, శివరాత్రికి మళ్లీ పూసి ఇంటిల్లిపాదినీ మురిపిస్తుంది. ఆషాఢం ముసురు పట్టాక అడుగు ఆకుల మీద నల్లచుక్కలు మొదలవుతాయి. శ్రావణానికి సగం ఆకు రాలుతుంది. వినాయక చవితి నాటికి మిగిలేది ముళ్లకంప. అప్పుడు పురుగుమందుల కొట్టుకు వెళ్లి ‘ఏం కొట్టాలి?’ అని అడుగుతారు. అసలు ప్రశ్న అంతకు ఆరు నెలల ముందు, మొక్క కొనేచోట అడగాల్సింది: మందు కొట్టకుండా ఈ రకం మన వానాకాలంలో ఆకు నిలుపుకుంటుందా? ఇదే ఊళ్లో వరి విత్తనం కొనే రైతు దోమను తట్టుకుంటుందా, గాలివానకు పడిపోతుందా అని తెలుసుకోకుండా బస్తా ఎత్తడు. గులాబీ దగ్గరకొచ్చేసరికి ఆ తెలివిడి పక్కకు పోతోంది. గులాబీ అంటేనే మందుల మొక్క అనే నమ్మకం పాతుకుపోయింది. ఆ నమ్మకం తప్పు. గోదావరి డెల్టా వేడిలో, తేమలో మందు కొట్టని గులాబీ సాధ్యమే. అయితే దానికి తగిన రకాలేవో ఎక్కడో పరాయి దేశంలో కాకుండా ఇక్కడే, ఈ నేల మీదే పరీక్షించి తేల్చాలి.

ముందు తెగులు సంగతి చూద్దాం. ఆకును రాల్చేది నల్లమచ్చ తెగులు. డిప్లోకార్పన్ రోజే అనే శిలీంధ్రం దానికి కారణం. మచ్చ పడిన ఆకును తెంపి వెలుగుకు పెట్టి చూడండి. మచ్చ అంచు గీసినట్టు ఉండదు, కాగితం మీద సిరా చుక్క పీల్చుకుపోయినట్టు పీచుపీచుగా పాకి ఉంటుంది. దాని చుట్టూ ఆకు పసుపుబారుతుంది, తర్వాత తొడిమతో సహా ఊడిపోతుంది. ఈ శిలీంధ్ర బీజం మొలకెత్తాలంటే ఆకు మీద నీటి పొర ఉండాలి, అదీ దాదాపు ఏడు గంటలసేపు ఆరకుండా ఉండాలి. ఆరిన ఆకును అది ఏమీ చేయలేదు. వానచినుకు రాలిన ఆకు మీద పడి ఎగిరినప్పుడు ఆ తుంపరతో పాటు బీజాలు అడుగు కొమ్మలకు ఎక్కుతాయి. అందుకే చుక్కలు ఎప్పుడూ కిందనుంచి పైకి వస్తాయి. బూడిద తెగులుది దీనికి పూర్తిగా ఎదురు స్వభావం. దానికి ఆకు మీద నీళ్లు అక్కర్లేదు. నీళ్లు పడితే దాని బీజాలు దెబ్బతింటాయి కూడా. పగలు పొడి, రాత్రి చలి, గాలిలో తేమ ఉంటే లేత చిగురు మీద తెల్లటి పొడిలా అల్లుకుని ఆకును మెలిపెట్టేస్తుంది.

ఈ రెంటినీ డెల్టా క్యాలెండరు మీద పెట్టి చూస్తే మన కష్టం తెలుస్తుంది. జూన్‌లో మొదలైన వానలు, ఆ తర్వాత ఈశాన్య రుతుపవనం, బంగాళాఖాతంలో లేచే తుపాన్లు కలిసి నవంబరు దాకా ఆకును ఆరనివ్వవు. అదంతా నల్లమచ్చ కాలం. పుష్యం, మాఘాల్లో మంచు, చలి రాత్రులు. అవి బూడిద తెగులువి. మార్చి దాటాక ఎర్రనల్లి, తామర పురుగులు. ఎర్రనల్లి పడితే ఆకు కంచులా మారి, అడుగున సన్నటి సాలెగూడు కనిపిస్తుంది. మేలో, కాలువలు కట్టేసిన రోజుల్లో వడగాడ్పులకు నల్లమచ్చ మాయమవుతుంది కానీ మొక్కే సొమ్మసిల్లి ఉంటుంది. వీటికి తోడు కొమ్మ కత్తిరించిన చోటు నుంచి కిందికి నల్లగా ఎండుకుంటూ పోయే కొమ్మఎండు తెగులు. ఏడాది పొడవునా ఏదో ఒకటి కాపు కాసి ఉంటుంది.

మందుతో దీనికి ఎదురు నిలవాలంటే ఎన్నిసార్లు కొట్టాలో లెక్క వేసుకోండి. మాంకోజెబ్ లాంటి పైపూత మందు ఆకు మీద పొరగా ఉన్నంతసేపే పనిచేస్తుంది. గట్టి వాన ఒకటి పడితే కడుక్కుపోతుంది. మందు కొట్టాక వచ్చిన కొత్త చిగురుకు ఆ రక్షణ కూడా ఉండదు. అందుకే వారం పది రోజులకోసారి కొట్టమంటారు. జూన్ నుంచి నవంబరు దాకా అలా కొడితే ఒక్క నల్లమచ్చకే పద్దెనిమిది నుంచి పాతిక సార్లు అవుతుంది. పోనీ ఆకు లోపలికి ఇంకే కార్బండజిమ్ లాంటివి వాడదామంటే, ఒకే మందు పదేపదే పడిన చోట దానికి లొంగని శిలీంధ్రమే మిగిలి పెరుగుతుంది. పురుగుమందులతో వచ్చే చిక్కు ఇంకా పెద్దది. తామర పురుగులకని కొట్టిన మందు నల్లిని తినే మంచి పురుగులను ముందు చంపేస్తుంది. ఇమిడాక్లోప్రిడ్ వాడాక ఎర్రనల్లి తగ్గకపోగా పెరిగిపోవడం అనేక మొక్కల మీద శాస్త్రవేత్తలు నమోదు చేసిన విషయం. ఇది డెల్టా రైతుకు కొత్త పాఠం కాదు. సింథటిక్ పైరిత్రాయిడ్లు కొట్టినకొద్దీ వరిలో సుడిదోమ ఎగదన్నడం ఇక్కడి చేలు చూసినవే. ఇండోనేసియా ఈ సంగతి గ్రహించి 1986లో ఏకంగా 57 రకాల పురుగుమందులను వరి మీద నిషేధించింది, తట్టుకునే రకాల వైపు, మిత్రపురుగుల వైపు మళ్లింది. ఆ దేశంలో అన్నం కరవైపోలేదు.

పొలంలో కొట్టే మందుకూ పెరట్లో కొట్టే మందుకూ ఇంకో తేడా ఉంది. పెరటి గులాబీ కిటికీ కింద ఉంటుంది, తులసికోట పక్కన ఉంటుంది, బట్టలు ఆరేసే దండెం కింద ఉంటుంది. మందు కొలిచేది సీసా మూతతో. చేతులకు తొడుగు, ముక్కుకు గుడ్డ అరుదు. మర్నాడు పొద్దున్నే అదే పూవు దేవుడి పటానికో, ఆడపిల్ల జడలోకో వెళుతుంది. కూరగాయలకైతే మందు కొట్టాక ఇన్ని రోజులు ఆగి కోయాలన్న నియమమైనా ఉంది. పూవుకు ఆ పట్టింపు ఎవరికీ లేదు. బెల్జియంలో పూలకొట్లలో కొన్న 90 పూలగుత్తులను పరిశీలించిన శాస్త్రవేత్తలకు వాటి మీద మొత్తం 107 రకాల మందుల అవశేషాలు కనిపించాయి. ఆ గుత్తుల్లో సగానికి పైగా గులాబీలే. మాంకోజెబ్‌కు యూరోపియన్ యూనియన్ 2020 డిసెంబరులో అనుమతి పొడిగించడానికి నిరాకరించింది. మన కేంద్ర ప్రభుత్వం అదే ఏడాది నిషేధించదలచామంటూ ముసాయిదాలో పెట్టిన 27 మందుల్లో మాంకోజెబ్, కార్బండజిమ్, డైమిథోయేట్ మూడూ ఉన్నాయి. గులాబీకని సాధారణంగా చేతికిచ్చేవి ఇవే. ఆ ముసాయిదాలో చాలాభాగం అమలుకు రాలేదు, ఈ మందులు ఇప్పటికీ చట్టబద్ధమే. పొలంలో పంట దక్కించుకోవడానికి రైతు పడే తిప్పలు వేరు. అందం కోసం పెంచుకునే మొక్కకు ఇంత రిస్కు తీసుకోవాల్సిన అగత్యం మాత్రం నాకు కనిపించదు.

గులాబీ పుట్టుకతోనే ఇంత బలహీనమైనదా అంటే, కాదు. ఏడాది పొడవునా పూసే గుణం గులాబీకి చైనా నుంచి వచ్చింది. 18వ శతాబ్దం చివర ఆ చైనా గులాబీలు కలకత్తా మీదుగా ఓడలెక్కాయి కాబట్టే యూరపువాళ్లు వాటిని చాలాకాలం బెంగాల్ గులాబీలన్నారు. అవి వేడి దేశపు మొక్కలు. ఎండకు గానీ వానకు గానీ అంత తేలిగ్గా వంగవు. తోటలను మార్చేసిన మలుపు 1900లో వచ్చింది. ఫ్రాన్సులో లియాన్ దగ్గర పెర్నే-డ్యుషే అనే పెంపకందారు పర్షియా పసుపు గులాబీని సంకరపరచి ‘సొలేయ్ దోర్’ అనే రకాన్ని విడుదల చేశాడు. అప్పటిదాకా తోట గులాబీల్లో లేని నిండు పసుపు, నారింజ, రాగి రంగులు దాని సంతతితో వచ్చాయి. ఆ పర్షియా గులాబీ పుట్టింది పొడి నేలలో. వానే పెద్దగా ఎరగని మొక్కకు నల్లమచ్చను తట్టుకునే శక్తి ఎందుకుంటుంది? రంగుతో పాటు ఆ బలహీనత కూడా ఇరవయ్యో శతాబ్దపు గులాబీల్లో చాలావాటిలోకి పాకింది. సరిగ్గా అదే కాలంలో రసాయన మందులు చవకగా దొరకడం మొదలైంది. ఇక ఎంపిక చేసేవాళ్లు పూవు చూశారే గానీ ఆకు చూడలేదు. ఆకు సంగతి మందు చూసుకుంటుందని వదిలేశారు. కాబట్టి ఈ బలహీనత ప్రకృతి పెట్టింది కాదు, మనుషులు ఎంచుకున్నది. ఎంచుకున్నదాన్ని మార్చుకోవచ్చు.

మార్చుకున్నవాళ్లు ఉన్నారు కూడా. జర్మనీలో ఏడీఆర్ అనే గులాబీ పరీక్ష రెండో ప్రపంచయుద్ధం తర్వాత మొదలైంది. వేర్వేరు ప్రాంతాల తోటల్లో మూడేళ్లపాటు మొక్కను గమనించి ముద్ర వేస్తారు. 1997 నుంచి ఆ తోటల్లో మందు కొట్టడం పూర్తిగా ఆపేశారు. ముద్ర కావాలంటే మందు లేకుండా నెగ్గాల్సిందే. పెంపకందారులు మొదట గొణిగినా, తర్వాత తమ తోటల్లో ఎంపిక తీరే మార్చుకున్నారు. అమెరికాలో విలియం రాడ్లర్ అనే ఆయన ఇంకా మొరటు దారి పట్టాడు. నల్లమచ్చ పట్టిన ఆకులను ఏరుకొచ్చి, ఎండబెట్టి, పొడి చేసి తన నారుమొక్కల మీద చల్లాడు. పైనుంచి నీళ్లు చిమ్మి ఆకులను కావాలని తడిపాడు. చచ్చినవి చచ్చాయి. బతికినవాటి నుంచి వచ్చిన ‘నాకౌట్’ అనే రకం 2000లో మార్కెట్‌కు వచ్చి అక్కడి వీధులను నింపేసింది. టెక్సాస్ రాష్ట్రం వేడిలో మనకేమీ తీసిపోదు. అక్కడి వ్యవసాయ విశ్వవిద్యాలయం ‘ఎర్త్‌కైండ్’ పేరుతో గులాబీలను మందు కొట్టకుండా, మొదట్లో కంపోస్టు, పైన ఆచ్ఛాదన తప్ప మరేమీ ఇవ్వకుండా పెంచి, నిలిచిన ఇరవైకి పైగా రకాలను ప్రకటించింది. వాటిలో కొత్త సంకరాలతో పాటు ‘మ్యుటబిలిస్’ లాంటి పాత చైనా గులాబీలు కూడా ఉండటం గమనించాలి.

అవన్నీ వాళ్ల వాతావరణానికి తేల్చిన ఫలితాలు, మనకెలా పనికొస్తాయని ఎవరైనా అడిగితే ఒప్పుకుంటాను. పనికిరాకపోవచ్చు. జర్మనీ వేసవిలో నిలిచిన మొక్క నిడదవోలు రోహిణి కార్తెలో నిలుస్తుందన్న భరోసా లేదు. టెక్సాస్‌లో కూడా ఆరు నెలల ముసురు ఉండదు. ఢిల్లీ పొడి చలిలో, కొడైకెనాల్ కొండ మీద, హోసూరు పీఠభూమి మీద బాగున్న రకం డెల్టా ఒండ్రునేలలో బాగుంటుందనీ చెప్పలేం. ఇప్పుడు కొట్లలో దొరికే చాలా గులాబీలకు వచ్చిన తిప్పలు ఇవే. ‘తాజ్‌మహల్’ లాంటి కట్‌ఫ్లవర్ రకాలు పాలీహౌస్ కింద, వాన తగలకుండా, పొడుగాటి కాడ కోసం పెంచేవి. వాటిని తెచ్చి ఆరుబయట శ్రావణం వానలో నిలబెట్టి, తెగులొచ్చిందని మొక్కను తిట్టడం అన్యాయం. నేను అడుగుతున్నది వాళ్ల జాబితాను తెచ్చి ఇక్కడ అతికించమని కాదు. వాళ్లు పరీక్ష పెట్టిన తీరును తెచ్చుకుందాం.

ఆ పనికి మన దేశంలో పునాది పడి చాలాకాలమైంది. భారత వ్యవసాయ పరిశోధన మండలి మొదటి డైరెక్టర్ జనరల్ బి.పి. పాల్ గోధుమ శాస్త్రవేత్త. కుంకుమ తెగులును తట్టుకునే ఎన్‌పీ 809 గోధుమ ఆయన కృషి ఫలితం. అదే మనిషి ‘రోజ్ షర్బత్’ లాంటి గులాబీలనూ పుట్టించాడు. తెలుగువాళ్లకు మరింత దగ్గరి పేరు ఎం.ఎస్. వీరరాఘవన్. ఆంధ్రప్రదేశ్ క్యాడర్ ఐఏఎస్ అధికారిగా పనిచేసి, ముందే స్వచ్ఛందంగా పదవి వదులుకుని కొడైకెనాల్‌లో స్థిరపడిన ఆయన, భార్య గిరిజతో కలిసి దశాబ్దాలుగా ఒకే పని పెట్టుకున్నారు: వేడి దేశాలకు పనికొచ్చే గులాబీ. అందుకు యూరపు వైపు చూడకుండా మన అడవి జాతులను పట్టుకున్నారు. మణిపూర్, బర్మా కొండల్లోని రోజా జైగాంటియా ఒకటి. రోజా క్లైనోఫిల్లా ఇంకొకటి. ఇది బెంగాల్ వైపు నదుల ఒడ్డున, చిత్తడిలో, వరదొస్తే కొన్నాళ్లు నీళ్లలో మునిగి కూడా బతికే గులాబీ. నీళ్లలో నిలబడే గులాబీ అంటే డెల్టాకు ఇంతకంటే తగిన చుట్టం ఎక్కడ దొరుకుతుంది? వాళ్ల సంకరాల్లో ఒకదానికి వృక్షశాస్త్రవేత్త ఇ.కె. జానకి అమ్మాళ్ పేరు, మరొకదానికి ‘గోల్డెన్ థ్రెషోల్డ్’ అనే పేరు పెట్టారు. హైదరాబాదులో సరోజినీ నాయుడి ఇంటి పేరు అదే. విదేశాల్లోని గులాబీ ప్రేమికులకు బాగా తెలిసిన ఈ కృషి, ఆయన ఉద్యోగం చేసిన రాష్ట్రంలోని నర్సరీలో మొక్క కొనేవాళ్ల చెవిన కూడా పడకపోవడం నన్ను బాధిస్తుంది.

ఇక పరీక్ష ఎలా పెట్టాలో డెల్టాకు ఎవరూ నేర్పనక్కర్లేదు. మార్టేరు వరి పరిశోధన స్థానం 1925 నుంచి చేస్తున్నది అదే. స్వర్ణ దగ్గర్నుంచి విజేత, కాటన్‌దొర సన్నాల దాకా అక్కడ పుట్టిన రకాలు చేలోకి వెళ్లేముందు దోమకూ తెగుళ్లకూ ఎదురు నిలబడాల్సిందే. అక్కడి పద్ధతి మొహమాటం లేనిది. టీఎన్-1 లాంటి తట్టుకోలేని రకాన్ని మధ్యమధ్య వరుసల్లో నాటుతారు. దాని మీద దోమ కమ్ముకుని చుట్టుపక్కల రకాల మీద దాడి చేస్తుంది. మందు కొట్టరు. నిలిచింది నిలుస్తుంది, పోయింది పోతుంది. బాపట్లలో పుట్టిన సాంబమసూరి అన్నానికి అంత రుచి ఉండి కూడా ఎండాకు తెగులుకు లొంగిపోతుంటే, హైదరాబాదు వరి పరిశోధన సంస్థ, సీసీఎంబీ కలిసి మూడు నిరోధక జన్యువులు చేర్చి 2008లో మెరుగైన సాంబమసూరిని ఇచ్చాయి. గింజ సన్నదనం పోలేదు. రుచి కావాలంటే తెగులు భరించక తప్పదనే మాట వరిలో ఎప్పుడో వీగిపోయింది.

గులాబీకీ అలాంటి మడి ఒకటి చాలు. నిడదవోలుకు ఒకవైపు కడియం, ఇంకోవైపు తాడేపల్లిగూడెం దగ్గర వెంకట్రామన్నగూడెంలో డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయం. వేమగిరిలో పుణె పూల పరిశోధన సంస్థకు చెందిన ప్రాంతీయ కేంద్రం ఉంది. 2022లో జిల్లాలు మారాక నిడదవోలు, కడియం ఒకే తూర్పుగోదావరి జిల్లాలో ఉన్నాయి. మొక్కలున్నాయి, శాస్త్రవేత్తలున్నారు, తెగులుకైతే కొదవే లేదు. కట్‌ఫ్లవర్ రకాలు, పాత చైనా గులాబీలు, ఇక్కడివాళ్లు పన్నీరు గులాబీ అని పిలిచే ఎడ్వర్డ్ రకం, గుత్తులుగా పూసే చిన్న గులాబీలు, వీరరాఘవన్ సంకరాలు, విదేశాల్లో ముద్ర పడ్డవి అన్నీ పక్కపక్కన నాటాలి. మధ్యలో నల్లమచ్చ అంటే చాలు ఆకు రాల్చేసే పసుపు రకం వరుస ఒకటి పెట్టాలి. రెండు వానాకాలాలు మందు ముట్టుకోకూడదు. పూవుల లెక్క తర్వాత సంగతి. సెప్టెంబరులోనూ, మళ్లీ నవంబరులోనూ కొమ్మకు ఎంత ఆకు మిగిలిందో, జనవరిలో చిగురు మీద బూడిద ఎంతో, ఏప్రిల్‌లో ఆకు అడుగున నల్లి ఎంతో రాయాలి. ఆ అంకెలను నర్సరీలకు ఇచ్చి చీటీ మీద అచ్చు వేయించాలి. ఇందుకు కోట్లు అక్కర్లేదు. అర ఎకరం నేల, ఇద్దరు మనుషులు, మందు కొట్టకుండా ఆగే నిగ్రహం చాలు.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో బలమైనది ఒకటుంది. తట్టుకునే శక్తి శాశ్వతం కాదు కదా అంటారు. నిజమే. నల్లమచ్చ శిలీంధ్రంలోనే పదికి పైగా తెగలున్నట్టు శాస్త్రవేత్తలు గుర్తించారు. ఒక తెగను ఆపిన మొక్క ఇంకో తెగకు లొంగిపోవచ్చు. నాకౌట్ కథ ఇంకా గట్టి హెచ్చరిక. అమెరికాలో ఊరంతా ఆ ఒక్క గులాబీనే నాటారు. నల్లమచ్చను గెలిచిన ఆ మొక్కను కంటికి ఆనని నల్లి మోసుకొచ్చే రోజెట్ అనే వైరస్ జబ్బు పట్టుకుని వరసలకు వరసలే పీకేయాల్సి వచ్చింది. దాని నుంచి నేను తీసుకునే పాఠం మళ్లీ మందు వైపు పొమ్మని కాదు. రకాలు కలిపి నాటాలి, పరీక్ష ఏటా సాగుతూ ఉండాలి. మందు శక్తీ శాశ్వతం కాదన్న సంగతి మరవకూడదు. 2021లో మిర్చి మీద నల్ల తామరపురుగు పడినప్పుడు గుంటూరు, ఖమ్మం రైతులు మందు మీద మందు కొట్టి చివరికి తోటలు దున్నేసుకున్నారు. రెండూ ఎప్పటికైనా వీగిపోయేవే అయితే, గాలినీ నీటినీ పాడుచేయని దాన్నే ముందు ఎంచుకోవాలి.

రసాయనం వద్దంటే కషాయాలున్నాయి కదా అనే మాట ఇంకోవైపు నుంచి వస్తుంది. ప్రకృతి సేద్యం మన రాష్ట్రంలో పెద్ద ఉద్యమమైంది. పుల్లటి మజ్జిగ, వేపనూనె, నీమాస్త్రం చాలా ఇళ్లలో వాడుతున్నారు. వాటి మీద నాకు గౌరవం ఉంది. బూడిద తెగులు మీద మజ్జిగ, పాలు కొంత పనిచేస్తాయి, వేపనూనె మెత్తటి పురుగులను అదుపు చేస్తుంది. కానీ ఆకు నిలుపుకోలేని రకాన్ని పెట్టుకుని వారం వారం మజ్జిగ కొట్టడం సీసా మార్చడమే అవుతుంది. వానకు మాంకోజెబ్ కొట్టుకుపోయినట్టే మజ్జిగా కొట్టుకుపోతుంది. మొక్క సరైనదైతే ఇవి అప్పుడప్పుడు చేసే సాయం. మొక్క సరైనది కానప్పుడు ఇవి తీరని చాకిరీ.

అందం సంగతేమిటని పూలప్రియులు అడుగుతారు. తట్టుకునే గులాబీలు చిన్నవి, రేకులు పల్చన, కుండీలో పెట్టుకునే పొడుగాటి కాడ ఉండదు. ఈ నష్టాన్ని నేను దాచను. కాడ మీద ఒంటరిగా నిలిచే పెద్ద పూవే కావాలనుకునేవారికి నా దగ్గర జవాబు లేదు. కానీ నిడదవోలులో గులాబీ ఎక్కడికి పోతుంది? జడలోకి, దండలోకి, పూజ పళ్లెంలోకి, కోటసత్తెమ్మ తల్లి గుడికి. వాటికి కాడ పొడుగు అక్కర్లేదు, వాసన కావాలి, రోజూ నాలుగు పూవులు కావాలి. ఎడ్వర్డ్ గులాబీకి ఆ వాసన ఉంది. 19వ శతాబ్దం మొదట్లో బోర్బన్ దీవి నుంచి బయల్దేరిన ఆ జాతిలో చైనా గులాబీ రక్తం కూడా ఉంది. అది తెగులే రాని మొక్క అని చెప్పను. దాన్ని కూడా మడిలో నిలబెట్టి చూడాల్సిందే. ఆకు రాలిన మొక్కకు ఎంత గొప్ప పూవు రాసిపెట్టి ఉన్నా దసరాకు పూసేది ఏమీ ఉండదు.

పూలసాగు మీద బతికే రైతు సంగతి వేరు, అక్కడ పట్టుదలకు పోను. పాలీహౌస్ వేసి, బ్యాంకు అప్పు తెచ్చి, మార్కెట్ అడిగిన రకాన్ని అడిగిన రోజుకు కోసి పంపాల్సినవాడికి రేపటి నుంచి మందు మానేయమని చెప్పే హక్కు నాకు లేదు. నేను మాట్లాడుతున్నది పెరళ్లు, మేడలు, బడి తోటలు, గుడి తోటలు, మున్సిపల్ పార్కుల గురించి. ఇక్కడ ఒక కాపు పోతే ఎవరూ అప్పులపాలు కారు. మనుషులు మందుకు అతి దగ్గరగా ఉండేదీ ఇక్కడే. పురపాలక సంఘాలు పార్కులకు మొక్కలు కొనే టెండరులో ‘మందు లేకుండా రెండు వానాకాలాలు నిలిచిన రకం’ అన్న ఒక్క షరతు రాస్తే నర్సరీల ఎంపిక దానంతట అదే మారడం మొదలవుతుంది.

రకం ఒక్కటే అన్నీ చేస్తుందనీ అనను. డెల్టా నల్లమట్టిలో వానాకాలం గుంటలో నాటిన గులాబీ ఎంత గట్టి రకమైనా వేరు కుళ్లుతుంది. నేలకు జానెడు ఎత్తులో మట్టి ఎగదోసి, ఇసుక, చివికిన పశువుల గెత్తం కలిపి నాటాలి. తూర్పు ఎండ పడాలి. పొద్దున ఎంత తొందరగా ఆకు ఆరితే నల్లమచ్చకు అంత తక్కువ వ్యవధి దొరుకుతుంది. సాయంత్రం పైపుతో మొక్కంతా తడపడం ఇక్కడ బాగా ఉన్న అలవాటు, అది మానాలి. నీళ్లు పొద్దున్నే పాదులో పోయాలి. వేసవిలో ఎర్రనల్లి కనిపిస్తే మాత్రం ఎండెక్కకముందు ఆకు అడుగుభాగాన్ని నీళ్లతో గట్టిగా కడగడమే మంచి మందు. పాదులో మూడు నాలుగు అంగుళాల వరిగడ్డి గానీ కొబ్బరిపీచు గానీ పరిస్తే వానచినుకు మట్టికి తగిలి ఎగరదు, బీజాలు కొమ్మకు ఎక్కే నిచ్చెన తెగిపోతుంది. కాలువలు కట్టేసిన నెలల్లో నీటి ఎద్దడికీ అదే అక్కరకొస్తుంది. రాలిన ఆకులు ఏరి కాల్చేయాలి. కొమ్మలు కత్తిరించడం అక్టోబరు రెండో వారంలో అని ఉత్తరాది పుస్తకాలు చెబుతాయి. మనకు అప్పుడు తుపాను కాలం. కోసిన చోట తడి దిగితే కొమ్మఎండు మొదలవుతుంది. నాలుగు రోజులు పొడి వాతావరణం కుదిరేదాకా, అవసరమైతే నవంబరు చివరిదాకా ఆగడం ఇక్కడ మేలు.

నర్సరీవాళ్ల మాట కూడా వినాలి. కొనేవాళ్లు పూవునే అడుగుతున్నారు, ఆకును అడిగితే ఆకే చూపిస్తామని వాళ్లంటే తప్పుపట్టలేం. మొక్క చచ్చిపోతే ఏటా మళ్లీ కొంటారు కదా, తట్టుకునే రకం అమ్మితే మాకేం లాభం అని లోలోపల అనుకునేవారూ ఉండొచ్చు. అయితే రెండుసార్లు మొక్క పోగొట్టుకున్న ఇల్లాలు మూడోసారి గులాబీ కొనడం లేదు, మందారమో నందివర్ధనమో పట్టుకెళుతోంది. ఆమె వదిలేసిన గులాబీల లెక్క ఏ ఖాతా పుస్తకంలోనూ కనిపించదు. కడియం మొక్క అనేక రాష్ట్రాలకు వెళుతోంది. వేడి, తేమ రెండూ ఉన్న చోట మందు లేకుండా నిలిచిందన్న చీటీతో బయల్దేరిన గులాబీకి ఒడిశా తీరం నుంచి కేరళ దాకా గిరాకీ ఉంటుంది. ఆ ఊళ్లన్నిటిదీ ఇదే బాధ.

ఆ చీటీ వచ్చేలోగా కొనేవాళ్లు చేయగలిగింది ఉంది. గులాబీని చలికాలంలో కాకుండా ఆగస్టు చివర్లోనో సెప్టెంబరులోనో కొనడానికి వెళ్లండి. అప్పుడు నర్సరీలో పూవులు తక్కువ, నిజం ఎక్కువ. కవరు మొక్కను పక్కన పెట్టి, అంటు కట్టడానికి కొమ్మలు తీసే తల్లి మొక్కను చూపించమనండి. దానికి ఎన్నాళ్ల కిందట మందు కొట్టారో అడగండి. మోకాలి ఎత్తు కింద దానికి ఆకు ఉందో లేదో చూడండి. అంటు కట్టిన ముడి దగ్గర బెరడు నల్లబడి ఉంటే వద్దనండి. ముడి కింద నుంచి వేరే తీరు ఆకుతో చిగుళ్లు వస్తుంటే అవి అడుగు మొక్కవని గుర్తుపట్టి తీసేయమనండి. ముసురులో నెలన్నర నిలబడి, అడుగు కొమ్మలకు ఇంకా ఆకు మిగుల్చుకున్న మొక్క కనిపిస్తే దాని పేరు రాసుకుని, ఆ రకమే అడిగి తెచ్చుకోండి, ఆ రోజు దాని మీద ఒక్క పూవు లేకపోయినా సరే.